వేసవి డీజిలు

తొమ్మిదిన్నరకు ప్లగ్గు పెట్టాను, ఇప్పుడు పదీ ఇరవై. బయట మైనస్ ఇరవై ఏడు, తెన్హో షెడ్డు లోపల మహా అయితే నాలుగు డిగ్రీలు నయం. ఇంత చలిలో మూడు నెలలుగా కదలకుండా పడున్న ఇంజినుకు రెండున్నర గంటలు కావాలి. రెండు చాలంటారు కొందరు, వాళ్ళ బళ్ళు మూలుగుతూ లేస్తాయి, నల్లగా పొగ కక్కుతాయి. నాది మూలగకూడదు. తాళం మొదటిసారి తిప్పగానే లేవాలి. పన్నెండుకు మా ఆవిడ ఇర్యా వస్తుంది, పన్నెండుకు రెండున్నర గంటలూ పూర్తవుతాయి, లెక్క సరిపోయింది. బ్యాటరీని రాత్రంతా ఇంట్లో ఛార్జింగులో పెట్టి, పొద్దున దుప్పట్లో చుట్టి, పసిపిల్లను తెచ్చినట్టు తెచ్చి బిగించాను. టైర్లలో గాలి చూశాను. ఇక చెయ్యడానికి ఏమీ లేదు, డ్రైవరు సీట్లో మోకాళ్ళ మీద మరో దుప్పటి కప్పుకుని కూర్చోవడం తప్ప. నా ఊపిరి అద్దానికి లోపలివైపు అంటుకుని గడ్డకడుతోంది, గోకితే గోళ్ళలోకి మంచు పొడి వస్తోంది. ముందు బంపరు వెనకనుంచి సన్నని సడి. పొయ్యి మీద నీళ్ళు కాగబోయే ముందు గిన్నె అడుగు చేసే సడి లాంటిది. అది హీటరు. ఇంజిను పక్కటెముకల్లో గుచ్చిన జానెడు కడ్డీ, లోపలి నీళ్ళను వెచ్చబెట్టడమే దాని పని. నీళ్ళు ఇనుమును వెచ్చబెడతాయి, ఇనుము నూనెను పలచబరుస్తుంది, నూనె పలచబడితే చచ్చినట్టున్నది లేస్తుంది. ఈ ఊళ్ళో కారున్న ప్రతి ఇంటి ముందూ ఆ వైరు వేలాడుతూనే ఉంటుంది, పొద్దున్నే పళ్ళు తోముకున్నట్టు అందరూ పెట్టుకునేదే. కాని చలికాలానికి నిద్రపుచ్చిన మోటర్‌హోమ్‌కు, లోపలే వంటా పడకా ఉన్న ఇలాంటి బండికి, జనవరిలో హీటరు పెట్టేవాడు ఎవడూ ఉండడు. నేనే నా దగ్గర బళ్ళు కొన్నవాళ్ళందరికీ చెప్పేవాణ్ణి, ముట్టుకోవద్దు, మే దాకా పడుకోనివ్వండి, మధ్యలో జాలిపడి లేపి పది నిమిషాలు తిప్పి ఆపేశారా, లోపల చెమట పట్టి నూనెలో నీళ్ళు కలుస్తాయి, వాడకం వల్ల పాడైన ఇంజిన్ల కంటే జాలి వల్ల పాడైనవే ఎక్కువ చూశాను అని. వాళ్ళు నవ్వేవారు. నేను నవ్వించడానికి చెప్పింది కాదు.

సోమవారం వార్డులో ఆ కుర్ర డాక్టరమ్మ ఇర్యా మంచం పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది. కుర్చీ లాక్కుని కూర్చునే డాక్టరు మంచి మాట చెప్పదు, అది నాకు సెప్టెంబరులోనే తెలిసింది. మూడో విడత మందు ఎక్కిస్తే నడివేసవి దాకా, జూన్ చివరిదాకా రావచ్చు, రాకపోనూ వచ్చు. ఎక్కించకపోతే మార్చి అనుకోండి. గురువారానికి చెప్పండి, అంది. ఆమె వెళ్ళాక సాయంత్రం దాకా నేను ఇర్యా చెవిలో పోరు పెట్టాను. జూన్‌లో మళ్ళీ ఉత్తరాన సముద్రం దాకా వెళ్దామన్నాను, రోజంతా ఎండ ఉంటుందన్నాను, మూడోది రెండోదానంత కష్టంగా ఉండదట అన్నాను. అది ఎవరూ చెప్పలేదు, నేనే కల్పించాను. గోడవైపు తిరిగి పడుకున్నది కాస్తా ఇటు తిరిగింది.

"నాకు బండి అంటగడుతున్నట్టు మాట్లాడుతున్నావ్, రేయో."

"నీకేం అంటగడతాను, నీ దగ్గర డబ్బెక్కడుంది."

"అయితే బేరమాడుకుందాం. బుధవారం నన్ను మూడు గంటలు బయటికి పంపుతారట. తెన్హో షెడ్డుకొస్తా. మన బండి మొదటి తిప్పుకే లేచి, గడప దాటి వాకిట్లోకి వచ్చిందనుకో, మూడోది ఎక్కించుకుంటా. నోరెత్తను. రాలేదనుకో, నువ్వు నోరెత్తకూడదు."

"మొదటి తిప్పుకేనా?"

"మొదటి తిప్పుకే. రెండోది లెక్కలోకి రాదు."

"చెయ్యి ఇవ్వు."

ఇచ్చింది. సూది చుట్టూ ప్లాస్టరు అంటించిన చెయ్యి, పట్టుకుంటే చేతిలో ఏమీ లేనట్టుంది. అప్పుడు నవ్వింది. పెదవులు పగిలి ఉన్నాయి కదా, సగమే నవ్వింది. మెట్లు దిగుతూ నేను గెలిచాననుకున్నాను. హీటరు పెట్టకూడదని తను అనలేదు, అననిది బేరంలో లేనట్టే. హీటరు పెడితే లేవని ఇంజిను ఈ కైనూ జిల్లాలో లేదు. 

వెచ్చని ఇంజిను చూపించి అమ్మడం మా వృత్తిలో అందరికీ తెలిసిన పని. అరిగిపోయినది చలిలో లేవదు, కాబట్టి కొనేవాడు రాకముందే హీటరు పెట్టి, వైరు తీసి దాచి, ఏమీ తెలియనట్టు తాళం తిప్పుతాం, అది పిల్లిలా గురగురలాడుతుంది. కొత్తవాడు మోసపోతాడు, తెలిసినవాడు ముందు ఇంజిను మూతెత్తి అరచెయ్యి ఆనిస్తాడు. నలభై మూడేళ్ళ కిందట నాకు ఇరవై అయిదు, రోడ్డు పక్కన ఖాళీ జాగాలో నాలుగు పాత వ్యాన్లు పెట్టుకుని అమ్ముతున్నాను, ఒక పెద్దాయన కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆయన టైర్లు తన్ని చూస్తున్నాడు, ఆ పిల్ల మాత్రం ఊలు చేతితొడుగు తీసి, మూత సందులోంచి చెయ్యి లోపలికి పెట్టి, "నాన్నా, ఇది ఇప్పుడు కొత్తగా లేవబోయేది కాదు, పొద్దున్నుంచీ మెలకువగానే ఉంది" అంది. చలి కదండీ, పాపం దానికీ చలే అన్నాను. "అయితే రేపు దానికి స్వెటరు తొడక్కండి, మేం వచ్చి చూస్తాం" అంది. చెప్పకుండా పొద్దున్న ఆరింటికే వచ్చారు. వ్యాను లేవలేదు. ఆ బేరం పోయింది, ఆ పిల్ల వచ్చింది, మొత్తం మీద నాకు లాభమే అని పెళ్ళిలో చెప్పి అందర్నీ నవ్వించాను. ఆ తర్వాత ఇర్యా వంటింటి కిటికీలోంచి చూసి, కారు దిగుతున్న మనిషి నడకను బట్టి, వీడు కొంటాడు, వీడు కాఫీ తాగి పోతాడు అని చెప్పేది. తప్పడం నేను చూడలేదు. మనుషుల్ని చదవడం నాకు వచ్చనేది ఊళ్ళోవాళ్ళ మాట, నాకు నేర్పింది ఎవరో ఊళ్ళో ఎవరికీ తెలియదు. నేనైతే ముఖం చూస్తాను. తను నడక చూసేది. ఇప్పుడు తనే నడవలేదు.

పదీ యాభై. సడి కాస్త మారింది, లోతుగా వస్తోంది, నీళ్ళు తిరగడం మొదలైంది. రేకుల సందుల్లోంచి ఎండ చీలికలుగా పడుతోంది, జనవరి ఎండకు వెలుగే గాని వేడి లేదు. పక్క సీటు తనది. దాని మీద తను అల్లిన దిండు, కిటికీ అద్దం మీద జిడ్డు మరక, నిద్రపోతూ నుదురు ఆనించేది. వెనక చిన్న వంటగదిలో కప్పులు కొక్కేలకు వేలాడుతున్నాయి, క్యాలెండరు ఆగస్టు దగ్గరే ఆగింది. ఆగస్టులో ఉత్తరాన ఆ చేపల రేవులో పదకొండు రోజులున్నాం, తను ఒక్కతే నాలుగు పెద్ద కాడ్ చేపలు పట్టింది, నాకు ఒకటీ పడలేదు, "చేపలకు కూడా నువ్వేంటో తెలిసిపోయింది" అంది. తిరిగొచ్చేటప్పుడు నడుం నొప్పి అంది. సీటు బాగాలేదనుకున్నాం, ఈ దిండు అందుకే, కింద ఒకటి, వెనక ఒకటి. సోదాంక్యుల ఊరు దాటాక చిన్న బంకు, మధ్యాహ్నం, దోమలు, నేను లోపల కాఫీకి వరసలో నిలబడ్డాను, ఈలోపు తనే దిగి డీజిలు పోయించి వచ్చింది, చేతులు రెండుసార్లు కడుక్కుంది, అయినా వాసన పోలేదు, ఆ చేతుల్తోనే పంచదార అద్దిన బూరె తుంచి నాకు పెట్టింది, పంచదారలో డీజిలు వాసన. "నిండా పోయించా. ఇంటికెళ్ళేసరికి సగం మిగులుతుంది, అక్టోబరులో చేపల సంతకు అదే సరిపోతుంది" అంది. చేపల సంతకు వెళ్ళలేదు. సెప్టెంబరులో డాక్టరు కుర్చీ లాక్కుని కూర్చుంది, అక్టోబరులో నేనొక్కణ్ణే ఆరు కిలోమీటర్లు నడుపుకుంటూ వచ్చి బండిని ఇక్కడ పెట్టి, తలుపులేసి, అదే పరుగున ఆసుపత్రికి వెళ్ళాను. సగం ట్యాంకు. ఆ సగం ఇంకా అందులోనే ఉంది.

ఆగస్టు డీజిలు.

దుప్పటి జారిపోతే మళ్ళీ కప్పుకోలేదు. సెప్టెంబరు ముగిసేసరికి ప్రతి బంకూ చలికాలపు డీజిలుకు మారుతుంది, పాతది తాగించేసి కొత్తది నింపాకే బండిని లోపల పెట్టాలి, ఇది మా ఊరి చిన్నపిల్లలకు కూడా తెలుసు. వేసవిది మైనస్ పదికి మసకబారుతుంది, పదిహేనుకు మీగడ కడుతుంది, ఇరవై దాటిందా, కొవ్వొత్తిని కరిగించి ట్యాంకులో పోసి వదిలేసినట్టే. హీటరు ఇంజిన్ని వెచ్చబెడుతుంది. ట్యాంకు నా వెనక నాలుగు మీటర్ల దూరంలో, బండి అడుగున చలిలో ఉంది. ఇంజిను ఎంత వెచ్చగా ఉంటే ఏం, తాగడానికి మైనం తప్ప ఏమీ లేదు. ఫిల్టరు ఇంజిను పక్కనే ఉంది కాబట్టి అందులో ఉన్న గుక్కెడు కరిగి ఉంటుంది. లేస్తుంది. పది సెకన్లు తిరుగుతుంది. ఆగిపోతుంది. నలభై ఏళ్ళు అమ్మాను, ప్రతి సెప్టెంబరు చివర్న కొన్నవాళ్ళకు ఫోన్ చేసి ట్యాంకు మార్చారా అని అడిగేవాణ్ణి, అందులో సగంమంది విసుక్కునేవారు. నాకు ఫోన్ చేసేవాడు ఎవడూ లేకపోయాడు.

చిన్న తలుపు కిర్రుమంది. తెన్హో. ఈ షెడ్డు వాళ్ళ నాన్న కాలంలో ఆవుల కొట్టం, ఇప్పుడు చలికాలానికి బళ్ళు పెట్టుకోనిస్తాడు. చంకలో కాఫీ ఫ్లాస్కు, నోట్లోంచి గుర్రంలా ఆవిరి.

"ఏం వ్యాపారీ, లోపల కూర్చుని గుడ్లు పొదుగుతున్నావా?"

"తెన్హో, ట్యాంకులో వేసవి డీజిలుంది."

వాడు నవ్వడం మొదలుపెట్టి, ఫ్లాస్కు నేల మీద పెట్టి మరీ నవ్వాడు. "నువ్వా? ఒరేయ్, నువ్వా? నా ట్రాక్టరు గురించి కూడా ఫోన్ చేసి గుర్తుచేసేవాడివి కదరా!" అని, బేరం సంగతి గుర్తొచ్చి ఆగాడు. ఆ బేరం సంగతి నేనే చెప్పాను వాడికి, మంగళవారం, గొప్పగా.

"ఏం ఫర్లేదు," అన్నాడు గొంతు తగ్గించి. "నా దగ్గర చలికాలపుది డబ్బాతో ఉంది. ట్యాంకు గొట్టం ఊడదీసి డబ్బాలో ముంచితే అయిపోయె. పది నిమిషాల పని, నీకు తెలియంది కాదు."

"అది పన్ను లేని రంగు డీజిలు. ట్రాక్టరుకే పొయ్యాలి."

"అవును మరి, పోలీసులు నా కొట్టంలోకొచ్చి మూతెత్తి చూస్తారు. కూర్చో, తెస్తా."

వెళ్ళాడు. పదకొండూ పది. పది నిమిషాల పని. గొట్టం ఊడదీయడం, డబ్బాలో ముంచడం, ఫిల్టరు మీది చేతిపంపు పాతికసార్లు నొక్కడం. ఇంజిను గ్యారంటీగా లేస్తుంది, గడప దాటుతుంది, ఇర్యా మాట తప్పదు. మూడో విడత. సరే, మరి రెండో విడత ఏమిచ్చింది. ఆరు వారాలిచ్చింది. అందులో నాలుగు వారాలు స్నానాలగదిలో, నేల మీద. వాషింగ్ మిషన్ రేకుకు తల ఆనించి కూర్చునేది, అది చల్లగా ఉంటుందని. నోట్లో పుళ్ళు, చల్లారిన బ్లూబెర్రీ జావ కూడా మింగలేక, చెంచాతో నోట్లో పెట్టుకుని అలాగే ఉంచుకుని, నేను చూడకుండా తువ్వాలులో ఊసేది. నేను చూశాను. చూడనట్టున్నాను. ఒకరోజు రాత్రిపూట "ఈ నేల ఎన్ని పలకలో తెలుసా, నూట నలభై ఆరు" అంది. ఆరు వారాల్లోంచి నాలుగు తీసేస్తే రెండు వారాలు. ఆ రెండింట్లో ఒక ఆదివారం, ఒకే ఒక్క ఆదివారం, మంచు మీద కుర్చీ వేసుకుని కూర్చుని ఎండ కాచుకుంది. మూడోది మొదలయ్యే ఒళ్ళు రెండోది మొదలైన ఒళ్ళు కాదు. నడివేసవి వస్తే మాత్రం ఏ ఇర్యా వస్తుంది అక్కడికి. నడివేసవి ఎవరికి కావాలి. ఈ బేరంలో కష్టం ఎవరిది, లాభం ఎవరిది అని నేను వేరేవాళ్ళ బేరాల్లో మొదటే అడిగే ప్రశ్న, దీంట్లో ఇంతవరకూ అడగలేదు. కష్టం తనది. లాభం నాది. ఖాళీ ఇంట్లోకి మూడు నెలలు ఆలస్యంగా అడుగుపెట్టడం, అదే నా లాభం.

అప్పుడు ఆ నవ్వు గుర్తొచ్చింది. సగం నవ్వు. బేరం కుదిరాక నవ్వేవాడు ఎవడు, తను గెలిచానని తెలిసినవాడు. డీజిలు పోయించింది తనే. సగం మిగులుతుందని చెప్పింది తనే. పెళ్ళికి ముందే వెచ్చని ఇంజిన్ని అరచేత్తో పట్టేసిన మనిషి, తన చేత్తో పోయించిన ఆగస్టు డీజిల్ని మర్చిపోతుందా. మంచం మీద కదలకుండా పడుకుని, కిటికీలోంచి చలి ముదరడం చూస్తూ, సోమవారం సాయంత్రం దాకా ఆలోచించి ఉంటుంది. వద్దు అని నా ముఖం చూస్తూ చెప్పలేదు. చెబితే నేను ఏడుస్తాను, ఏడిస్తే తను ఒప్పుకోవాల్సి వస్తుంది. అందుకని ఆ మాట బండి చేత చెప్పిద్దామనుకుంది. మొదటి తిప్పుకే అని, గడప దాటాలి అని, రెండోది లెక్కలోకి రాదు అని, సందు లేకుండా ఎంత జాగ్రత్తగా కట్టిందో బేరం. నేను హీటరు పెడతానని కూడా తెలుసు తనకు, పెట్టినా లాభం లేదనీ తెలుసు. ఆ సీట్లో కూర్చుని, మైనస్ ఇరవై మూడులో, నాకు తన మీద గర్వంలాంటిది వేసింది. నా జన్మలో నన్ను గెలిచిన బేరగాడు ఒక్కడూ లేడు, ఇంట్లోది తప్ప. తర్వాత ఆ గర్వం పోయింది. దాని కింద ఏమీ లేదు, చూశాను, ఏమీ లేదు.

తెన్హో డబ్బా తెచ్చి ముందు చక్రం దగ్గర పెట్టాడు. రెండు గజాల రబ్బరు గొట్టం, స్క్రూడ్రైవరు కూడా తెచ్చాడు.

"దిగు, కలుపుదాం."

"వద్దు."

"ఏం వద్దు?"

"తను గెలవాలనుకుంటోంది, తెన్హో. తెలిసే పెట్టింది బేరం."

"నీకు చెప్పిందా?"

"చెప్పక్కర్లేదు. నలభై మూడేళ్ళు."

వాడు గొట్టాన్ని చేతికి చుట్టుకుంటూ నిలబడ్డాడు, విప్పాడు, మళ్ళీ చుట్టుకున్నాడు. "నేనైతే అడుగుతా," అన్నాడు. "నా పెళ్ళాం ముప్పై ఏళ్ళుగా నా కాఫీలో పాలు పోస్తోంది. నాకు ఇష్టం లేదని దానికింకా తెలియదు." గొట్టం డబ్బా మీద వదిలేసి, వెళ్ళి పెద్ద తలుపుల గడియ తీసి, రెండు రెక్కలూ బార్లా తెరిచాడు. వెలుగు ఒక్కసారిగా కళ్ళలో పడింది. వాకిలి నిండా మంచు, మధ్యలో వాడు ట్రాక్టరుతో తీసిన దారి. గడప నా ముందు చక్రాలకు మూడు మీటర్లుంటుంది. మూడు మీటర్లు.

పన్నెండుకు రెండు నిమిషాలుండగా టాక్సీ వచ్చింది, చక్రాల కుర్చీ ఎక్కే పలకున్నది. డ్రైవరమ్మ తలుపు తీసింది. రెండు కోట్లు, నా బొచ్చు టోపీ, టోపీ కింద ఇర్యా. నేనే ఎత్తి పక్క సీట్లో కూర్చోబెట్టాను. డబ్బా నావైపు చక్రం దగ్గరుంది, తను అటువైపునుంచి ఎక్కింది. బరువులు చేత్తో అంచనా కట్టడం నాకు అలవాటు, కట్టకూడదనుకున్నాను, నలభై ఆరు కిలోలు. తను దిండు సర్దుకుని, అద్దం మీద మరకను చేతితొడుగుతో తుడిచి, కప్పులవైపు తిరిగి చూసింది.

"ఆగస్టే ఉంది ఇంకా ఇక్కడ," అంది. "హీటరు పెట్టావా?"

"పెట్టాను. వద్దనలేదుగా."

"పెడతావనే అనుకున్నా. ఎంతసేపు?"

"రెండున్నర గంటలు."

"అయితే లేస్తుంది."

ఎంత బాగా చెబుతోంది ఆ మాట అనుకున్నాను. చివరిదాకా ముఖం మార్చని బేరగాడే అసలైనవాడు. కన్ను గీటుతుందేమోనని చూశాను, గీటలేదు, ముందుకు చూస్తోంది, తలుపు మీది పిడిని రెండు చేతుల్తో పట్టుకుంది. దిగి వెళ్ళి వైరు తీసి వచ్చి కూర్చున్నాను. డాష్‌బోర్డు మీద గ్లో దీపం వెలిగి ఆరింది, ఇంజిను తిప్పడానికి సిద్ధం. తాళం తిప్పాను.

లేచింది. మూలగలేదు, దగ్గలేదు, మొదటి తిప్పుకే, కిందటి వారమే ఆపినట్టు లేచింది. గేరు వేశాను, గడ్డకట్టిన చక్రాలు ఒక్క గెంతు గెంతి కదిలాయి. కప్పులు ఒకదానికొకటి తగిలి మోగాయి. ఒక మీటరు. నేను రోడ్డు చూడాలి గాని తనవైపు చూశాను. నలభై ఏళ్ళు ముఖాలు చదివి బతికినవాణ్ణి. బండి కొనాలని ఇంటి దగ్గరే నిర్ణయించుకుని, కొనకపోవడానికి నూరు కారణాలు చెబుతూ, ఎవరైనా తన్ని ఒప్పిస్తే బాగుండునని వచ్చేవాళ్ళుంటారు. వాళ్ళను మొదటి చూపులోనే పట్టేసేవాణ్ణి, వాళ్ళ ముఖం వేరేగా ఉంటుంది, నోరు కాస్త తెరుచుకుని ఉంటుంది, కళ్ళు బండిని దాటి ఎక్కడో ఒక రోడ్డును చూస్తుంటాయి. ఆ ముఖం. ఇర్యా ముఖం ఆ ముఖం. పగిలిన పెదవులు కదులుతున్నాయి, శబ్దంలో వినిపించలేదు, కాని చదివాను, పద, పద, పద అంటోంది. బండితో అంటోంది. రెండు మీటర్లు. ఇంజిను ఒకసారి గుటక మింగింది, మళ్ళీ అందుకుంది, మళ్ళీ మింగింది, ఆగింది. ముందు చక్రాలు గడపకు ఇటువైపే ఉన్నాయి. కప్పులు ఇంకా కాసేపు ఊగాయి.

"ఏమైంది?" అంది. పిడి వదల్లేదు. "మళ్ళీ తిప్పు. కాదు, రెండోది లెక్కలోకి రాదు కదా. ఏమైంది, రేయో?"

"వేసవి డీజిలు. ఆగస్టులోది."

తను నావైపు తిరిగింది. ఆ కళ్ళలో ఆశ్చర్యం, కల్తీ లేనిది. "సోదాంక్యుల దగ్గర నేనే పోయించాను," అంది నెమ్మదిగా. "అయ్యో. నాకసలు తట్టనేలేదు. నీకూ తట్టలేదా?"

తట్టింది అంటే తర్వాతి ప్రశ్న ఏమిటో తెలుసు. "లేదు," అన్నాను. "ఇర్యా, ఈ బేరం వదిలేద్దాం. ఉత్తదే అనుకుందాం."

"చేతులు కలిపాంగా. నువ్వు ఎవరికైనా వదిలావా?" అని, పిడి మీంచి ఒక్కొక్క వేలూ తీసుకుంది. "పోనీలే. లేచిందిగా. లేచి కాస్త నడిచింది కూడా."

డ్రైవరమ్మ కుర్చీ తెచ్చింది. బండి రెండు మీటర్లు ముందుకొచ్చింది కదా, తనవైపు తలుపు మంచుగడ్డ మీదికి వచ్చింది, అక్కడ దింపితే కాలు జారుతుంది. నావైపునుంచి ఎత్తి దింపుకోవాల్సి వచ్చింది. అది ముందే ఆలోచించాల్సింది. తనను ఎత్తుకుని తిరిగేసరికి, మేం వదిలి వచ్చిన చోట, నేల మీద, ఒక్కటే డబ్బా. దాని మీద చుట్ట చుట్టిన గొట్టం. స్క్రూడ్రైవరు. తను నా భుజం మీంచి చూసింది. వ్యాపారి పెళ్ళాం, ఆ మూడు వస్తువులూ ఒకచోట ఉంటే ఏమిటో ఎవరూ చెప్పక్కర్లేదు.

"చలికాలపుదా?" అంది నా చెవి దగ్గర.

"అవును."

"ఎప్పుడు తెచ్చాడు?"

"పదకొండున్నరకు."

కుర్చీలో కూర్చోబెట్టాను. డ్రైవరమ్మ మోకాళ్ళ మీద దుప్పటి కప్పి, బెల్టు బిగిస్తోంది. అసలు సంగతి చెప్పడానికి నోరు తెరిచాను. నువ్వు వద్దనుకుంటున్నావనుకున్నాను, అందుకే. లేదు, నాకు కావాలి, నడివేసవి కావాలి. రెండూ నిజమే, ఒకటి చెబితే రెండోది అబద్ధంలా వినిపిస్తుంది, ఏది ముందు చెప్పాలో తేల్చుకునేలోపు తనే నా టోపీ సరిచేసుకుని, తల ఎత్తి, నాకు కష్టం కలగకూడదని మాటలు ఎంచుకుని మరీ మాట్లాడే గొంతుతో అంది,

"అయితే నువ్వూ వద్దనే అనుకున్నావన్నమాట. ముందే చెప్పాల్సింది, పిచ్చివాడా. నీకోసమైనా ఒప్పుకోవాలేమోనని సోమవారం నుంచీ నాకు నిద్ర లేదు. గురువారం ఇద్దరం ఒకే మాట చెప్పొచ్చు ఇక."

డ్రైవరమ్మ కుర్చీని పలక మీదికి తోసి, మీట నొక్కింది. పలక నెమ్మదిగా పైకి లేచింది.